తట్టి చూడాలి

ల్యాప్‌టాప్ మీద టచ్‌ప్యాడ్ ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే మనిషికి మొదట పుట్టేది తొందర. తెర మధ్యలో బాణం గుర్తు కదలకుండా నిలబడిపోతుంది. వేలితో ఒకసారి రాస్తాం. ఇంకోసారి గట్టిగా రాస్తాం. తర్వాత నొక్కుతాం, ఆ తర్వాత అరచేత్తో చరుస్తాం. అప్పటికీ కదలకపోతే "ఇది పోయింది, కొత్తది కొనాల్సిందే" అని తీర్పు చెప్పేస్తాం. మొదటిసారి వేలితో రాయడానికీ ఆ తీర్పుకీ మధ్య జరగాల్సిన పని ఒకటుంది. మంచిర్యాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతికే నేను ఆ పనిని పాఠ్యపుస్తకాల్లో నేర్చుకోలేదు. రామకృష్ణాపూర్‌లో, బొగ్గుబాయిలో సర్దార్‌గా పనిచేసిన మా బాపు దగ్గర నేర్చుకున్నాను.

మా ఊరు మంచిర్యాలకూ మందమర్రికీ మధ్య ఉంటుంది. రైల్లో వచ్చేవాళ్లు రవీంద్రఖని స్టేషన్‌లో దిగుతారు. కాగితాల మీద మున్సిపాలిటీ పేరు క్యాతన్‌పల్లి, జనం నోట్లో మాత్రం ఆర్కేపూర్. వరసలుగా సింగరేణి క్వార్టర్లు, వాటి ముందు వేపచెట్లు, ఇస్త్రీ బండ్లు. కరోనా ఏడాది 2020లో హైదరాబాద్ నుంచి పిల్లలంతా కంపెనీ ల్యాప్‌టాప్‌లతో ఇంటికొచ్చి, క్వార్టర్ ముందు గదిలో మంచం మీద కూర్చుని ఉద్యోగాలు చేశారు. అప్పటి నుంచీ మా వీధిలో ల్యాప్‌టాప్ లేని ఇల్లు తక్కువ. అది మొరాయిస్తే చూసేవాళ్లూ తక్కువే. అందుకే అవి మా ఇంటి గడప దాకా వస్తుంటాయి.

ఒకరోజు రాత్రి పక్క వీధి అన్న వచ్చాడు. "తమ్మీ, బిడ్డకు రేపు పొద్దుగాల ఇంటర్వ్యూ ఉంది. గదాని మీద వేలు పెడితే ఏం కదులుతలేదు. మంచిర్యాల పోయి కొత్తది తెద్దామా?" అన్నాడు. రిటైర్మెంట్ దగ్గర పడిన మనిషి. కొత్త ల్యాప్‌టాప్ అంటే నెల జీతంలో పెద్ద ముక్క. తలుపు దగ్గర నిలబడే, జేబులో బ్యాంకు కార్డు ఉందో లేదో తడిమి చూసుకుంటున్నాడు.

నేను ల్యాప్‌టాప్ తెరవకముందే ఆ పిల్లను అడిగాను. ఎప్పటి నుంచి ఇట్లా ఉంది? ఆగకముందు ఏం జరిగింది? ఎవరైనా వాడారా? మధ్యాహ్నం దాకా బాగానే ఉందంది. మధ్యాహ్నం ఏం జరిగింది? ఏమీ లేదు, తమ్ముడు గోదావరిఖని వెళ్తూ తన ప్రాజెక్ట్ పనికని వైర్‌లెస్ మౌస్ తీసుకెళ్లాడు, అంతే.

"అంతే" అని ఆమె తేలిగ్గా వదిలేసిన చోటే ఉంది సంగతంతా. ల్యాప్‌టాప్ పక్కకు తిప్పి చూస్తే, యూఎస్‌బీ రంధ్రంలో వేలిగోరంత రిసీవర్ అలాగే ఉంది. మౌస్ గోదావరి దాటి వెళ్లిపోయింది, దాని చెవి మాత్రం ఇక్కడే ఉండిపోయింది. విండోస్ సెట్టింగ్స్‌లో, మౌస్ తగిలించినప్పుడు కూడా టచ్‌ప్యాడ్‌ను పనిచేయనివ్వాలా అని అడిగే గడి ఒకటుంటుంది. టైప్ చేసేటప్పుడు అరచెయ్యి తగిలి బాణం ఎగిరిపోతోందని ఎప్పుడో ఎవరో ఆ గడిలో టిక్కు తీసేశారు. మౌస్ ఉన్నన్నాళ్లూ ఆ తేడా ఎవరికీ తెలియలేదు. రిసీవర్ కనిపిస్తున్నంతసేపూ ల్యాప్‌టాప్ లెక్కలో మౌస్ ఉన్నట్టే, టచ్‌ప్యాడ్ పడుకోవాల్సిందే. రిసీవర్ పీకాను. బాణం కదిలింది. కీబోర్డు మీద విండోస్ మీట, ఐ కలిపి నొక్కి సెట్టింగ్స్ తెరిచి, ట్యాబ్ మీటతో ఆ గడి దాకా ఎలా వెళ్లాలో ఆ పిల్లకు చూపించాను. ఇంటర్వ్యూ మధ్యలో మళ్లీ ఆగినా చేతులు ముడుచుకుని కూర్చోకూడదు కదా.

బాపు ఆ రాత్రి అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "వెనుకటి షిఫ్టోన్ని అడిగినవ్, మంచిగ చేసినవ్" అన్నాడు.

ఆ మాట బయటివాళ్లకు అర్థం కాకపోవచ్చు. భూగర్భ గనిలో ఒక్కో సర్దార్‌కు ఒక్కో డిస్ట్రిక్టు, అంటే గనిలో ఒక భాగం, ఉంటుంది. షిఫ్టులో మనుషులు పనిలోకి దిగకముందే అతను అదంతా తిరిగి చూడాలి. తనకంటే ముందు షిఫ్టు సర్దార్ పుస్తకంలో ఏం రాశాడో చదవాలి. ఎక్కడ నీళ్లు ఊరుతున్నాయి, ఎక్కడ రూఫ్ బరువెక్కింది, ఎక్కడ మనుషులు పోకుండా కంచె కట్టారు. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనల్లోనూ ఈ తనిఖీ చట్టప్రకారం తప్పనిసరి. మా ఇంట్లో మాత్రం అది చట్టంలా వినిపించేది కాదు, అలవాటులా వినిపించేది. చిన్నప్పుడు మా సైకిల్ చైన్ ఊడినా, అవ్వ గ్యాస్ పొయ్యి వెలగకపోయినా బాపు ముందు అడిగేది ఒకటే: "నిన్న ఎట్లుండె?"

తర్వాత చూసే వరస కూడా బాయిలో నేర్చుకున్నదే. సర్దార్ నేరుగా బొగ్గు తవ్వే ఫేస్ దగ్గరికి పరుగెత్తడు. దారిలో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతాడు. గాలి ఆడుతోందా, సేఫ్టీ ల్యాంప్ వత్తి తగ్గిస్తే మంట మీద మండే వాయువు జాడ చెప్పే నీలి టోపీ కనిపిస్తోందా, ఆ తర్వాత రూఫ్, ఆ తర్వాత సైడ్లు. టచ్‌ప్యాడ్‌కైనా బయటి నుంచి లోపలికే పోవాలి. ఏదైనా తగిలించి ఉందా? ఎఫ్ మీటల వరసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న మీట పొరపాటున నొక్కుకుపోయిందా? కొన్ని పాత మోడళ్లలో ప్యాడ్ ఎడమ పైమూలలో రెండుసార్లు తడితే అది ఆరిపోతుంది, మళ్లీ రెండుసార్లు తడితే వెలుగుతుంది; పిల్లలు ఆడుకుంటూ తట్టినా అంతే. అవన్నీ సరిగ్గా ఉంటే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేసి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను అర నిమిషం పట్టుకుని వదిలి చూడాలి. అప్పటికీ కాకపోతేనే డ్రైవర్ దాకా పోవాలి: డివైస్ మేనేజర్‌లో చూసి, ఈమధ్య అప్‌డేట్ తర్వాతే ఆగి ఉంటే పాత డ్రైవర్‌కు తిరిగి వెళ్లడం. ఇక చివరిగా, నాకు అన్నింటికంటే ఇష్టమైన పరీక్ష, పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు లాంటి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపి చూడటం. అక్కడ బాణం కదిలితే ప్యాడ్ బతికే ఉంది, లోపం విండోస్‌లో ఉంది. అక్కడా కదలకపోతే స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్లాలి. ప్యాడ్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే పల్చటి రిబ్బన్ కేబుల్ కాస్త వదులైనా ఇలాగే అవుతుంది. దాన్ని సరిచేయడానికి కొత్త ల్యాప్‌టాప్ ధర అక్కర్లేదు.

ఈ వరసను నేను పాఠంలో చెబితే పిల్లలు గబగబా రాసుకుంటారు. వరస వెనుక ఉన్న ఓపికను మాత్రం రాయించలేను. దాన్ని నేను చూసింది బాపు రూఫ్ పరీక్షించే తీరు చూపించినప్పుడు. రిటైరయ్యాక ఓరోజు ఇంట్లో పాత స్లాబు పెచ్చులూడుతుంటే కుర్చీ వేసుకుని ఎక్కి, చేతికర్రతో తట్టడం మొదలుపెట్టాడు. కుడిచేత్తో కర్ర, ఎడమచేతి వేళ్ల కొనలు స్లాబుకు ఆనించి. గట్టి చోట కర్ర ఖంగుమంది. ఒక జానెడు దూరంలో శబ్దం డొల్లగా మారింది. "చెవి ఒక్కటే సాలదు బిడ్డా. బాయిల మిషన్ల సప్పుడుకు చెవి మోసపోతది. వేలు మోసపోదు. లోపల పొర విడిపోతే వేలికి గుంజినట్టు తెలుస్తది" అన్నాడు. గనుల పనిలో ఇది పేరున్న పద్ధతే: ఒక చేత్తో తట్టడం, రెండో చేత్తో కంపనం పట్టుకోవడం. రాయి లోపల ఎవరికీ కనిపించని పగులును మనిషి చర్మం పట్టేస్తుంది. మా నాన్న చేతుల మీద ఎంతమంది ప్రాణాలు షిఫ్టు గడిపి ఇంటికి చేరాయో లెక్క కట్టేవాళ్లు ఎవరూ లేరు.

టచ్‌ప్యాడ్ చేసేదీ దగ్గరగా అలాంటి పనే. మనం వేలితో బాణాన్ని కదుపుతున్నామని అనుకుంటాం గానీ, నిజానికి ప్యాడే మన వేలిని వెతుకుతుంది. దాని పైపొర కింద సన్నటి లోహపు గీతలు అడ్డంగా, నిలువుగా పరిచి ఉంటాయి. వాటి కూడళ్ల దగ్గర చాలా చిన్న విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన శరీరం నిండా ఉప్పునీరే కాబట్టి కరెంటుకు దారి ఇస్తుంది. వేలు దగ్గరికి రాగానే ఆ క్షేత్రంలో కొంత వేలి వైపు మళ్లుతుంది. ఏ కూడలిలో ఎంత తగ్గిందో సెకనుకు సుమారు వంద సార్లు కొలిచి, వేలు ఎక్కడుందో చిప్ లెక్క కడుతుంది. నొక్కుడుతో దానికి పని లేదు. అందుకే గుడ్డ గ్లవ్వుతో పనిచేయదు, ఎండు కర్రతో పనిచేయదు, గోటితో పనిచేయదు.

దీని చరిత్ర నాకు చాలా ఇష్టం. జార్జ్ గెర్ఫీడ్ అనే అమెరికన్ 1980ల చివర్లో ఈ రకం ప్యాడ్‌ను తయారుచేశాడు. 1994లో ఆపిల్ పవర్‌బుక్ 500 వరస ల్యాప్‌టాప్‌లలో దొర్లే బంతి స్థానంలో ప్యాడ్ వచ్చింది. ఆ తర్వాత లక్షలాది ల్యాప్‌టాప్‌లకు ప్యాడ్‌లు చేసిన సినాప్టిక్స్ సంస్థను 1986లో పెట్టిన ఇద్దరిలో ఒకరు ఫెడెరికో ఫాజిన్, 1971లో ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసర్ రూపకల్పనకు నాయకత్వం వహించిన మనిషి. రెండోవాడు కార్వర్ మీడ్, కాల్‌టెక్ ఆచార్యుడు. వాళ్లు మొదట చేయాలనుకున్నది మెదడులోని నాడీకణాల్లా పనిచేసే చిప్‌లు. ఆకారాలను గుర్తుపట్టే యంత్రం కావాలని బయల్దేరి, చివరికి మనిషి వేలు ఎక్కడుందో గుర్తుపట్టే పలక దగ్గర నిలబడ్డారు. దాన్ని నేను చిన్న మజిలీ అనుకోను. యంత్రానికి స్పర్శ నేర్పడం చిన్న పని కాదు.

వేలినీ ప్యాడ్‌నూ కలిపి చూడటం అలవాటైతే, కొన్ని లోపాలు ఆ రెంటిలో ఏ ఒక్కదానిలోనూ లేవని తెలుస్తుంది. మా ఊళ్లో అద్దెకుండే ఒక కుర్రాడి ల్యాప్‌టాప్‌లో బాణం పిచ్చిగా గెంతేది, తనంతట తనే క్లిక్ అయ్యేది. అతను ప్యాడ్ మార్పించాలని డబ్బు కూడబెడుతున్నాడు. మా ఇంట్లో పెడితే శుభ్రంగా పనిచేసింది. వాళ్ల గదికి వెళ్లి చూశాం. ఛార్జర్ మూడు పిన్నులది, గోడలో ఉన్న సాకెట్ రెండు రంధ్రాలది. మధ్యలో ఇరవై రూపాయల అడాప్టర్. ఎర్త్ లేదు. ఛార్జర్ లోపల ఒక చిన్న కెపాసిటర్ గుండా 230 వోల్టుల లైన్ నుంచి కొద్దిపాటి కరెంటు లీకవుతూ ఉంటుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే ల్యాప్‌టాప్ ఒంట్లోనే తిరుగుతుంది. లోహపు అంచు మీద మణికట్టు పెడితే జిల్లుమనేది అందుకే. వేలి కోసం వెతికే ఆ సన్నటి విద్యుత్ క్షేత్రాలను ఆ కరెంటే గందరగోళం చేస్తోంది. ఛార్జర్ పీకగానే బాణం నిలకడగా నడిచింది. ఆ గదికి కావాల్సింది కొత్త ప్యాడ్ కాదు, ఎలక్ట్రీషియన్.

ఒక్క లోపం దగ్గర మాత్రం ఓపిక పట్టకూడదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్యాడ్ కిందే బ్యాటరీ ఉంటుంది. మా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో రోజంతా ఛార్జర్‌కే తగిలించి ఉంచిన పాత లిథియం బ్యాటరీలో రసాయనాలు విడిపోయి వాయువు పుడుతుంది, సంచి ఉబ్బుతుంది. మొదట ప్యాడ్ క్లిక్ బిగుసుకుపోతుంది. తర్వాత దాని ఒక అంచు పైకి లేస్తుంది, మూత సరిగ్గా మూసుకోదు. అప్పుడు ప్యాడ్‌ను నొక్కి సరిచేయాలని చూడొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, ఇంట్లో విప్పొద్దు. వెంటనే ఆపేసి, బ్యాటరీ తీయించేయాలి. గనిలో రూఫ్ బరువెక్కుతున్నప్పుడు దానికి ఆనించిన దిమ్మెలు కిర్రుమంటాయనీ, చిన్న పెచ్చులు రాలతాయనీ, ఆ సూచన చూశాక ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మనుషులను వెనక్కి తేవాలనీ బాపు చెప్పేవాడు. ప్యాడ్ అంచు లేవడం అలాంటి సూచనే.

ఇక నా మనసును ఎక్కువగా పట్టుకున్న సంగతికి వస్తాను. బాపుతో పాటు పనిచేసిన ఒక కాక ఉన్నాడు. ఆయన ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టుకుని చేత్తో బొగ్గు టబ్బులు నింపిన తరం. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చి ఆ పనిని తగ్గించేసరికి ఆయన చేతులు అప్పటికే కాయలు కాసిపోయాయి. మనవరాలి ల్యాప్‌టాప్‌లో పెళ్లి ఫొటోలు చూద్దామని కూర్చుంటే బాణం కదల్లేదు. మనవరాలు రాస్తే కదులుతుంది, ఆయన రాస్తే లేదు. "నేను ముట్టుకుంటే ఇది సచ్చిపోతది" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అది చావలేదు. కాయలు కాసిన చర్మం మందంగా, ఎండిపోయి ఉంటుంది. దానిలోంచి కరెంటు సులువుగా పోదు. ప్యాడ్‌కు ఆ వేలు దూరంగా ఉన్నట్టే లెక్క. ఆయన దాన్ని గట్టిగా తాకుతూనే ఉన్నాడు, యంత్రం దృష్టిలో గాలిలో తేలుతున్నాడు. సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ సున్నితత్వాన్ని అన్నింటికంటే ఎక్కువకు పెట్టాను. వేలి కొనతో కాకుండా బొటనవేలి పక్క భాగంతో, చర్మం పల్చగా ఉన్న చోటుతో, చెయ్యి కాస్త తడి చేసుకుని రాయమన్నాను. బాణం నడిచింది. పెళ్లికొడుకు ముఖాన్ని పెద్దది చేసుకుని చాలాసేపు చూశాడు.

ఫొటోల దగ్గర ఈ లోపం చిన్నదే. పింఛన్ దగ్గర చిన్నది కాదు. 1998 నాటి బొగ్గుగనుల పింఛన్ పథకం కింద పింఛన్ తీసుకునేవాళ్లు బతికే ఉన్నామని ఏటా ధ్రువపత్రం ఇవ్వాలి. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలయ్యాక దాన్ని వేలిముద్రతో, ఉన్న ఊళ్లోనే ఇచ్చే వీలు వచ్చింది. మంచి ఏర్పాటే. కానీ బండ మీద, ఇనుము మీద, బొగ్గు మీద దశాబ్దాలు రుద్దుకున్న వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. రీడర్ మీద వేలు పెడితే ఎర్ర దీపమే. మళ్లీ పెట్టు, తుడిచి పెట్టు, ఇంకో వేలు పెట్టు. వరసలో వెనుకున్నవాళ్లు గొణుగుతారు. తన చేతుల మీద తనకే సిగ్గు కలిగేలా ఒక పెద్దమనిషిని నిలబెట్టడం నాకు ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను. 1889లో ఇల్లెందులో తవ్వకాలు మొదలైన నాటి నుంచీ ఈ బొగ్గు వచ్చింది అలాంటి చేతుల మీదుగానే. రామగుండం ఎన్‌టీపీసీ పొగగొట్టాలు, హైదరాబాద్‌లో కంప్యూటర్లు నడిచిన కరెంటు, అన్నింటి వెనుకా అవే ఉన్నాయి. ఆ కరెంటుతో నడిచే యంత్రం ఆ వేలిని గుర్తుపట్టకపోతే, లోపం వేలిదని కౌంటర్ దగ్గర ఎవరూ అనకూడదు. మెత్తటి వేళ్ల మీద పరీక్షించి తయారుచేసిన వస్తువు అది. గరుకు వేళ్ల గురించి తయారీలోనే ఆలోచించి ఉండాల్సింది.

దారి లేకపోలేదు. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి కూడా జీవన ధ్రువపత్రం ఇవ్వొచ్చు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. జీవన్ ప్రమాణ్ యాప్, దానితో పాటు ఆధార్ ముఖ గుర్తింపు యాప్ వేసుకోవాలి. ఇంటివాళ్లెవరైనా పట్టుకుంటే చాలు, వరసలో నిలబడక్కర్లేదు. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టాలి, వెనుక కిటికీ ఉండకూడదు. తెర మీద చెప్పినప్పుడు కళ్లు ఆర్పాలి.

కాకను మా వాకిట్లో కూర్చోబెట్టి ఆ పని చేశాను. పింఛన్ నంబరు, ఆధార్, బ్యాంకు పుస్తకం ముందే తెచ్చుకోమన్నాను. మొదటిసారి కళ్లజోడు మీద వెలుగు పడి యాప్ ఒప్పుకోలేదు. జోడు తీసి, కుర్చీని వేపచెట్టు నీడ అంచుకు జరిపాం. ఈసారి అయింది. ధ్రువపత్రం నంబరు ఫోన్‌కు వచ్చింది, మనవరాలు దాన్ని ఆయన బ్యాంకు పుస్తకం వెనుక అట్ట మీద రాసింది. "ఇంత సులువైతే మనోళ్లకు చెప్పకపోతే ఎట్ల?" అని లేచి, అప్పుడే వీధిలోకి వెళ్లాడు. కాసేపటికి బాపు పాత షిఫ్టువాళ్లు ఒకరి వెనుక ఒకరు ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు పట్టుకుని వచ్చారు. బాపు కుర్చీలు తెచ్చి వేశాడు. ఎవరి ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు కలిపి ఉందో ముందు అది అడగమని నాకు చెప్పి, తనే ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు.